జాలీ తలుపు చక్రాలు

కాలిఫోర్నియాలో 1950లలో, 60లలో కట్టిన ఇళ్ళకు వయసు మీద పడినా దూలాలు చెక్కుచెదరవు. పెద్ద పెద్ద గాజు పలకలు కూడా చాలా ఇళ్ళలో మొదటివే. ముందుగా మొరాయించేది పెరటి గాజు తలుపుకు జోడుగా పక్కకు జరిగే జాలీ తలుపు. అందులోనూ జాలీ కంటే ముందు అడుగున ఉండే చక్రం పోతుంది. పాత రూపాయి బిళ్ళంత చక్రం. అది తిరగడం మానేశాక తలుపును ఈడ్వాలి. ఈడ్చినకొద్దీ కింది పట్టా అరుగుతుంది. పట్టా అరిగాక కొత్త చక్రం తెచ్చి పెట్టినా నిలవదు.

నేను హైదరాబాద్ బాలానగర్ టూల్‌రూముల్లో డైలు, జిగ్గులు చేసి రిటైరైనవాణ్ణి. ఏడాదిలో కొన్ని నెలలు సన్నీవేల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. ఆ ఇంటి జాలీ తలుపు చక్రాలు పోయినప్పుడు మా అమ్మాయి, "తలుపే కొత్తది కొనేద్దాం నాన్నా, నువ్వు దాంతో కుస్తీ పట్టకు" అంది. తీరా చూస్తే దుకాణంలో రెడీమేడ్‌గా దొరికేవన్నీ 80 ఇంచీల ఎత్తువి. మా తలుపు ఆ లెక్కకు రాదు. సరే అని పాతదాన్నే విప్పి బల్ల మీద పరిచాను. చూడబోతే జాలీది ఒక కాలం, చట్రానిది ఒక కాలం, చక్రానిది ఇంకో కథ.

జల్లెడల మిగులు

ఈ తలుపులో అన్నిటికన్నా పాత సంగతి జాలీది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో జార్జ్‌టౌన్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ 1818లో బెంజమిన్ గిల్బర్ట్ అనే ఆయన గుర్రపు వెంట్రుకలతో జల్లెళ్ళు అల్లే పని మొదలుపెట్టాడు. అదే తర్వాత గిల్బర్ట్ అండ్ బెనెట్ కంపెనీ అయింది. వెంట్రుక పోయి తీగ వచ్చింది, మగ్గం మీద తీగ నేత సాగింది. 1861లో అంతర్యుద్ధం రావడంతో దక్షిణాది రాష్ట్రాలకు వెళ్ళే జల్లెళ్ళ బేరం ఆగిపోయింది. నేసిన తీగ గుడ్డ గోడౌన్లో పేరుకుపోయింది. దానికి తుప్పు పట్టకుండా రంగు పూసి, కిటికీలకు బిగించుకోండి, ఈగలు రావు అని అమ్మారు. ఆర్డరు కాన్సిలై మిగిలిన సరుకుకు ఇంకో పని చూపించడం ఏ వర్క్‌షాపులోనైనా ఉన్నదే. ఇక్కడ ఆ మిగులు సరుకే ఒక దేశం ఇళ్ళ రూపురేఖలు మార్చింది.

గమనించాల్సిందేమంటే, అప్పటికి ఆ జాలీ ఈగల కోసమే. దోమ కుడితే దురద తప్ప ఇంకేం నష్టం లేదనే అందరూ అనుకునేవాళ్ళు. మలేరియా చిత్తడి నేలల చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవాళ్ళు.

ఆ నమ్మకాన్ని విరిచింది మా సికింద్రాబాద్. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు ఇక్కడ ఒక దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా పురుగును సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ దోమ హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగినది. కుట్టించుకున్నందుకు హుసేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా లెక్కన ముట్టింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. చిన్నప్పుడు ఆ దారిన వెళ్తూ బోర్డు చూసేవాళ్ళం తప్ప, దానికీ వరండా జాలీకీ చుట్టరికం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ చుట్టరికం 1900లో కుదిరింది. రాస్ గురువు పాట్రిక్ మాన్సన్ లండన్ నుంచి సాంబన్, లో అనే ఇద్దరు డాక్టర్లను ఇటలీ పంపాడు. రోమ్ దగ్గర ఓస్టియా పక్కన మలేరియాకు పేరుపడ్డ నేల మీద చెక్క గుడిసె వేసి, తలుపులకూ కిటికీలకూ జాలీ కొట్టారు. వాళ్ళు పగలంతా ఊళ్ళో తిరిగారు, ఆ నీళ్ళే తాగారు, వానలో తడిశారు, రాత్రి కిటికీలు తెరుచుకుని ఆ గాలే పీల్చారు. ఒకటే నియమం, పొద్దు గూకేసరికి లోపలికి వచ్చేయాలి. క్వినైన్ ముట్టుకోలేదు. చుట్టుపక్కల జనం జ్వరాలతో పడిపోయినా వీళ్ళకు మలేరియా రాలేదు. ఆ తర్వాత పనామా కాలువ తవ్వేటప్పుడు అమెరికా వైద్యాధికారి గోర్గాస్ కూలీల బ్యారక్‌లకూ ఆసుపత్రులకూ జాలీలు బిగించాడు. ఆ తేమకు ఇనప తీగ ఆగదని రాగి తీగ వాడారు. ఈగల కోసం అమ్మిన జల్లెడ గుడ్డ ఇప్పుడు ఆరోగ్య శాఖ సామాను అయింది.

చీలల తలుపు, డై తలుపు

ఆ కాలపు జాలీ తలుపులో జరిగే భాగమే లేదు. చెక్క చట్రం, రెండు బందులు, ఒక స్ప్రింగు. జాలీని చిన్న చీలలతో కొట్టి, అంచు కనబడకుండా పైన సన్నటి బద్దె వేసేవాళ్ళు. పిల్లలు పరుగెత్తితే దబ్బున మూసుకునేది. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్ల వరండాల్లో నేను చూసినవి ఈ జాతివే. ఈ తలుపుకు విడిభాగాలు అనే మాటే అక్కర్లేదు. బందు పోతే బందు, బద్దె విరిగితే బద్దె, చిరిగితే గజం జాలీ. ఊళ్ళో వడ్రంగి ఉంటే చాలు.

జరిగే తలుపు వేరే దారిలో వచ్చింది. లాస్ ఏంజిలిస్‌లో ఆర్కిటెక్ట్ రుడాల్ఫ్ షిండ్లర్ 1922లో కట్టుకున్న ఇంట్లోనే తోటవైపు పక్కకు జరిగే తలుపులు పెట్టాడు. ఆ ఆలోచనలో జపాన్ ఇళ్ళ నీడ ఉంది. ఇంటికీ తోటకూ మధ్య గోడ తీసేయాలన్న కోరిక కాలిఫోర్నియా వాస్తుశిల్పులకు అప్పటినుంచే ఉంది. సామాన్యుడి ఇంటిదాకా అది రావడానికి రెండో ప్రపంచ యుద్ధం అడ్డుపడింది, ఆ యుద్ధమే దారి కూడా వేసింది. విమానాల కోసం అమెరికా ప్రభుత్వం అల్యూమినియం కర్మాగారాలను విపరీతంగా పెంచింది. యుద్ధం ముగిశాక వాటిని రేనాల్డ్స్, కైజర్ కంపెనీలకు అప్పజెప్పింది. అంత లోహానికి ఇప్పుడు కొనేవాడు కావాలి. విమానం రెక్కకు పోవాల్సింది తలుపు చట్రానికి వచ్చింది.

ఇక్కడినుంచి నా పనికి సంబంధించిన సంగతి. చట్రం తయారయ్యేది ఎక్స్‌ట్రూజన్‌తో. అల్యూమినియం దిమ్మెను నాలుగైదు వందల డిగ్రీలకు కాచి, ఉక్కు డైలో కోసిన కంతలోంచి ప్రెస్సు తోస్తుంది. కంత ఏ ఆకారంలో ఉంటే బద్దె ఆ ఆకారంలో బారుగా బయటికొస్తుంది. మా వాడుకలో దాన్ని సెక్షన్ అంటాం. కారు బాడీ నొక్కే డైకి ఆస్తులు అమ్ముకోవాలి. ఇలాంటి చిన్న సెక్షన్ డై మాత్రం చవక. దాంతో తలుపులు చేసే ప్రతి చిన్న కంపెనీ తన సెక్షన్ తానే గీయించుకుంది. ఒకరి గాడి లోతు ఇంకొకరికి కుదరదు, ఒకరి పట్టా ఎత్తు ఇంకొకరికి పనికిరాదు. చక్రం తిరిగే గూడు సెక్షన్‌లోపల పట్టాలి కదా, అందుకని దాన్ని కూడా ఎవరికి వాళ్ళే చేయించుకున్నారు.

మరలకు ఈ గతి పట్టలేదు. ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ అనే యంత్రాల తయారీదారు 1864లోనే బోల్టుల మరలకు ఒక పద్ధతి ఉండాలని ప్రతిపాదించాడు. రైల్వేలు, నౌకాదళం దాన్ని పట్టుకున్నాయి కాబట్టి అది నిలిచింది. జాలీ తలుపు చక్రానికి అలాంటి పెద్ద దిక్కు దొరకలేదు. కొనేవాడు ఇల్లు కొంటాడు గానీ చక్రం కొనడు. దాని కొలత గురించి అడిగేవాడే లేడు.

పండ్ల తోటల్లో గాజు గోడలు

ఇలాంటి తలుపులున్న ఇళ్ళను వరసగా కట్టి అమ్మిన జోసెఫ్ ఐక్లర్ మొదట వెన్న, గుడ్ల టోకు వ్యాపారంలో ఉన్న మనిషి. 1940లలో కొంతకాలం హిల్స్‌బరోలో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన ఇంట్లో అద్దెకున్నాడు. ఆ ఇంటి రుచి మరిగి, మామూలు జీతగాడికి కూడా అలాంటి ఇల్లు కట్టి అమ్మాలని దిగాడు. 1949 నుంచి 1966 దాకా ఆయన కంపెనీ కాలిఫోర్నియాలో 11,000 పైగా ఇళ్ళు కట్టింది. సన్నీవేల్‌లో, పాలో ఆల్టోలో ప్లమ్, ఆప్రికాట్ తోటలు కొట్టేసిన చోట అవి వరసలుగా లేచాయి. కొనేవాడి ఒంటి రంగు చూసి ఇల్లు అమ్మడం మామూలైన రోజుల్లో ఆయన రంగు చూడకుండా అమ్మాడు.

ఈ ఇళ్ళలో బరువంతా స్తంభాల మీద, దూలాల మీద ఉంటుంది. అందుకని పెరటివైపు గోడ స్థానంలో నేల నుంచి కప్పుదాకా గాజు పెట్టగలిగారు. చలికాలంలో నేలలో పాతిన గొట్టాల్లో వేడినీళ్ళు పారతాయి. కప్పు చదును, అటక లేదు, చాలావాటికి ఏసీ కూడా లేదు. ఎండాకాలం సాయంత్రం సముద్రం వైపు నుంచి చల్లగాలి వస్తే గాజు తలుపు తీసి జాలీ వేయాల్సిందే. ఆ ఇల్లు ఊపిరి తీసుకునేది జాలీలోంచే.

గాజు తలుపులు చేసినవాళ్ళలో ఆర్కేడియా మెటల్ ప్రొడక్ట్స్ పేరుమోసింది. చిన్నాచితకా కంపెనీలైతే లెక్కలేనన్ని. ఒక్కొక్కటే మూతపడ్డాయి, చేతులు మారాయి, పేర్లు మార్చుకున్నాయి. దానికి తోడు 1977 జూలై నుంచి అమెరికాలో పెరటి తలుపులకు దెబ్బ తగిలినా కత్తుల్లా చీలని భద్రత గాజే పెట్టాలని కేంద్ర నిబంధన వచ్చింది. గాజు మార్చినవాళ్ళు కొందరు చట్రం సహా మార్చేశారు. ఒక వీధిలో పక్కపక్క ఇళ్ళకు కూడా చక్రాలు కలవకపోవడానికి ఇవన్నీ కారణాలు.

నమూనా చేత్తో పట్టుకుని

ఇలాంటి చోట రెండో వ్యాపారం పుడుతుంది. తలుపు చేసిన కంపెనీ పోయింది, తలుపు ఉంది. దాని చక్రాన్ని కొలిచి, నకలు చేసి అమ్మేవాడు వస్తాడు. మేరీలాండ్‌లో హేగర్స్‌టౌన్ అనే ఊళ్ళో బ్లెయిన్ విండో హార్డ్‌వేర్ అని ఒక సంస్థ ఉంది. పాత కిటికీలు, తలుపుల భాగాలకు జత వెతికిపెట్టడమే దాని పని. కాలిఫోర్నియాలో ప్రైమ్-లైన్ అనే సంస్థ కేటలాగులో జాలీ తలుపుల చక్రాలే పేజీలకు పేజీలు. ఆ కేటలాగును కంపెనీ పేరుతో వెతికితే లాభం లేదు. కొలతలతో వెతకాలి. చక్రం వ్యాసం ఎంత, అంచు చదునా, గాడి ఉందా, గూడు పొడవెంత, మందమెంత, స్క్రూ రంధ్రం ఏ చివర, స్ప్రింగు పట్టీయా, సర్దే స్క్రూయా. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఉంటే చక్రం దొరుకుతుంది. ఒక్కటి తప్పినా పెట్టె విప్పి మళ్ళీ మూయడమే.

సన్నీవేల్ ఉన్న ఈ లోయలో ఒకప్పుడు ఆ ప్రశ్నలు కౌంటరు అవతలి మనిషే అడిగేవాడట. 1931లో శాన్ హోసేలో తోటల రైతులు సహకార పద్ధతిలో ఆర్చర్డ్ సప్లై హార్డ్‌వేర్ పెట్టుకున్నారు. తోటలు పోయి ఇళ్ళు వచ్చాక అదే ఇళ్ళవాళ్ళ దుకాణమైంది. విరిగిన ముక్కను రుమాల్లో చుట్టుకుని వెళ్తే, దాన్ని తిప్పి చూసి ఫలానా వరసలో ఫలానా సొరుగు అనేవాళ్ళని పాతకాపులు చెబుతారు. మన సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇప్పటికీ నడిచేది అదే పద్ధతి. 2018లో ఆర్చర్డ్ సప్లై దుకాణాలన్నీ మూతపడ్డాయి. సరుకు ఆన్‌లైన్లోకి వెళ్ళింది. చూడగానే పోల్చే కన్ను వెళ్ళలేదు.

మా తలుపు చక్రానికి కేటలాగులో దగ్గరి చుట్టాలు దొరికాయి, అసలుది దొరకలేదు. గూడు మందం ఒక్క సూతు ఎక్కువ.

లేత్ మీద

అలాంటప్పుడు చేసుకోవడమే. పక్క వీధిలో లాక్‌హీడ్‌లో మెషినిస్టుగా చేసి రిటైరైన పెద్దాయన గ్యారేజీలో చిన్న సౌత్ బెండ్ లేత్ ఉంది. లాక్‌హీడ్ క్షిపణుల విభాగం 1956లో సన్నీవేల్‌కు వచ్చింది. ఇక్కడి పాత వీధుల్లో ఇలాంటి గ్యారేజీలు ఇంకా కొన్ని మిగిలాయి. మా ఇద్దరికీ ఉన్న తగాదా ఒక్కటే. ఆయన వెర్నియర్ ఇంచీల్లో మాట్లాడుతుంది, నాది మిల్లీమీటర్లలో.

టూల్‌రూమ్ బుద్ధి ఏమంటుందంటే, పోయినంత మేరే మార్చు. గూడు, దాని స్ప్రింగు పట్టీ బాగానే ఉన్నాయి. చక్రం ఇరుసు మీద పట్టేసింది, అంతే. ఇరుసు రివెట్టును డ్రిల్లుతో తొలిచి చక్రాన్ని విడదీశాం. కొత్త చక్రానికి డెల్రిన్ కడ్డీ తీసుకున్నాం. డూపాంట్ కంపెనీ 1960లో మార్కెట్‌లోకి తెచ్చిన ప్లాస్టిక్ అది. నైలాన్ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, డెల్రిన్ అంతగా పీల్చదు. నూనె లేకుండా తిరుగుతుంది, లేత్ మీద ఇత్తడిలా శుభ్రంగా తెగుతుంది. ఎండ తగిలే చోటు కాబట్టి నల్లది మేలు. ముఖం చదును చేసి, వ్యాసం ఒక ఇంచీకి దింపి, గాడి ఆకారానికి సానపట్టిన పనిముట్టుతో అంచున గాడి తీసి, మధ్యలో రంధ్రం వేసి, చివర పార్టింగ్ టూలుతో కోశాం. ప్లాస్టిక్‌లో వేసిన రంధ్రం పనిముట్టు బయటికి రాగానే కాస్త ముడుచుకుంటుంది. అందుకని రీమర్‌తో మళ్ళీ సరిచేయాలి. రివెట్టు బదులు భుజం ఉన్న బోల్టు వేశాం, ఈసారి అరిగితే స్క్రూడ్రైవరు చాలు.

మా మనవడు ఇదే చక్రాన్ని త్రీడీ ప్రింటర్ మీద గంటలో తీస్తానన్నాడు, తీశాడు కూడా. ముచ్చటగా ఉంది. కాకపోతే వాడు వాడింది పీఎల్‌ఏ. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో కాలిన అల్యూమినియం పట్టా మీద, పైనుంచి స్ప్రింగు నొక్కుతుంటే, ఆగి ఉన్న చక్రం ఒకవైపు చదునైపోతుంది. ఏఎస్ఏ లాంటి ఎండకు ఆగే ప్లాస్టిక్‌తో తీస్తే ఆ పద్ధతీ పనికొస్తుంది. కొలిచే ఓపిక మాత్రం ఏ పద్ధతికైనా ఒకటే.

మిగతావాటికి ఇంత కథ లేదు. అరిగిన పట్టా మీదికి స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు దొరుకుతుంది, తట్టి కూర్చోబెట్టడమే. చట్రం మూలల్లో దూర్చే లంకె జింకు పోతపోసినది, బీటలిచ్చింది. అల్యూమినియం యాంగిల్ ముక్క కోసి ఆకురాయితో సరిచేస్తే అందులో పట్టింది. గొళ్ళెం కొక్కేనికి మాత్రం రెండు స్క్రూల మధ్య దూరమే ప్రాణం. అది సరిపోతే ఏ కంపెనీదైనా ఒకటే.

ఇక జాలీ. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఫైబర్‌గ్లాస్ దారం మీద వినైల్ పూత వేసినది. ఇంచీకి ఒకవైపు 18 దారాలు, ఇంకోవైపు 16, దారం మందం 0.28 మిల్లీమీటరు. లెక్కవేస్తే కంత ఒకవైపు 1.13, ఇంకోవైపు 1.31 మిల్లీమీటర్లు వస్తుంది. దోమ దూరలేదు, గాలి వస్తుంది. దాన్ని చట్రం మీద పరిచి, గాడిలోకి రబ్బరు తాడును రోలర్‌తో నొక్కుకుంటూ పోవాలి. చీలల కాలంలో లాగా ఇక్కడ గట్టిగా లాగితే పని చెడుతుంది, చట్రం నడుము లోపలికి వంగుతుంది. తాడు మందం గాడికి సరిపోవాలి. దానికీ అరడజను సైజులు.

కొలతల కాయితం

ఇదంతా చేశాక నాకు తోచింది ఇది. భారీ ఉత్పత్తి ఇచ్చిన మాట ఒక్కటే, ఒక ముక్క పోతే అచ్చం అలాంటిదే ఇంకోటి దొరుకుతుందని. ఆ మాట కంపెనీ బతికున్నంత కాలమే చెల్లుతుంది. కంపెనీ పోయిన మర్నాడు, లక్షల్లో ఒకటిగా పుట్టిన వస్తువు కూడా చేతిపని అయిపోతుంది. వడ్రంగి తలుపు మొదటినుంచీ చేతిపనే కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు. కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన రిపేరు హక్కు చట్టం ఎలక్ట్రానిక్ వస్తువులకూ గృహోపకరణాలకూ విడిభాగాలు ఇవ్వాలంటుంది. తలుపుదాకా అది రాలేదు. వచ్చినా, మూతపడ్డ కంపెనీ తలుపు తట్టి ఎవరిని అడగాలి?

హైదరాబాద్‌లో మనం ఇప్పుడు అదే దారిలో ఉన్నాం. అపార్ట్‌మెంట్లలో ఎటు చూసినా మూడు పట్టాల అల్యూమినియం, యూపీవీసీ కిటికీలు, రెండు గాజుకు, ఒకటి దోమల జాలీకి. ఒక్కో బిల్డరు దగ్గర ఒక్కో సెక్షన్. పదేళ్ళు నిండిన ఫ్లాట్లవాళ్ళు పాత బేరింగ్ చేత పట్టుకుని దుకాణాల చుట్టూ తిరగడం నేనే చూశాను. తలుపు చేసినవాడికి ఒక్క కాయితం ఖర్చు. సెక్షన్ నంబరు, చక్రం వ్యాసం, గూడు కొలతలు, తాడు మందం, జాలీ రకం రాసిస్తే ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరో ఒక లేత్ పనివాడు దాన్ని చూసి చక్రం చేసిపెడతాడు. సన్నీవేల్ తలుపుకు ఆ కాయితం నేనే గీసి మా అమ్మాయి ఇంటి దస్తావేజుల్లో పెట్టించాను. కొత్త ఫ్లాటు తీసుకునేవాళ్ళు తాళంచెవులతో పాటు బిల్డరును ఆ కాయితం కూడా అడగండి. ఇవ్వకపోతే, కిటికీ కొత్తగా ఉన్నప్పుడే వెర్నియర్ ఉన్నవాణ్ణి ఒకణ్ణి పిలిచి కొలిపించుకోండి.